ఈకో వ్యాన్‌లో వైబ్రేషన్, హోరు, పడిపోయిన మైలేజీ: ఇంజన్ విప్పించకముందు ఇవి చూడండి

ఇంజన్ విప్పించకండి. సోమవారం బండిని షెడ్డులో పెడుతున్నానని రాశారు కాబట్టి ఈ ఒక్క మాట ముందు చెబుతున్నాను, మిగతాదంతా తీరిగ్గా చదవండి.

మీరు చెప్పింది, ఇదే బాధ ఉన్న మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా, క్లుప్తంగా ఇది. 2018 ఈకో, ఐదు సీట్లు, ఏసీ ఉన్న పెట్రోల్ బండి, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏడాది కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఖమ్మం నుంచి సూర్యాపేటకు వారానికి మూడు నాలుగు సార్లు వెళ్తారు. 65 దాటితే ఫ్లోర్, సీట్లు జివ్వుమని వణుకుతున్నాయి, దాంతోపాటే వెనకనుంచి 'వూ...' అని హోరు. ఆగి కదిలేటప్పుడు కింద 'టక్' మంటోంది. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే డోర్లు కూడా అదురుతున్నాయి. మైలేజీ 15 నుంచి 11కి పడింది. నాలుగు టైర్లు కొత్తవి వేయించారు, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండేసి సార్లు చేయించారు, ప్లగ్గులు మార్చారు. ఏదీ తగ్గలేదు. ఇప్పుడు ఒక మెకానిక్ 'ఇంజన్ పని అయిపోయింది, బోర్‌కి వచ్చింది (సిలిండర్ల లోపలి గోడలు అరిగాయని), 45 వేలు అవుతుంది' అన్నాడు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అందులో సగం పైన వ్యాన్లే. ఇక్కడినుంచి మీ బండి కిందకి దూరి చూడలేను కానీ, మీ ప్రశ్నలో చివర ఏదో గుర్తొచ్చినట్టు రాసిన మూడు ముక్కలు నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి. ఒకటి, జనవరిలో క్లచ్ ప్లేట్ మార్పించారు. రెండు, అప్పుడే హ్యాండ్ బ్రేక్ 'టైట్' చేయించారు. మూడు, టైర్ల షాపులో 155/65 సైజు బదులు 'స్ట్రాంగ్‌గా ఉంటాయి' అని 155/80 (వెడల్పు అంతే, ఎత్తు ఎక్కువ) వేశారు. ఈ మూడూ అయ్యాకే గొడవ మొదలైంది. అరిగిపోయిన ఇంజన్ ఇలా ఒక నెల చూసుకుని ఉన్నట్టుండి చెడిపోదు, మెల్లగా, ఏళ్ల మీద బలం తగ్గుతుంది, ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. మీరేమో ఆయిల్ తగ్గడం లేదు, పొగ లేదు అంటున్నారు.

ముందు ఈ బండి కట్టుబడి గురించి రెండు మాటలు, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1984లో మనకు వచ్చిన మారుతి వ్యాన్ కాలం నుంచి (తర్వాత అదే ఓమ్ని అయింది) ఈ రకం వ్యాన్లలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. 2010లో వచ్చిన ఈకోలోనూ అంతే. సీటు ఎత్తితే ఇంజన్ కనిపిస్తుంది. అక్కడినుంచి గేర్‌బాక్స్, దాని వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని వెనక్కి తీసుకెళ్లే పొడవాటి తిరిగే గొట్టం), అది వెనక హౌసింగ్‌కి (వెనక ఇరుసు, దాని పళ్ల చక్రాలు ఉండే పెట్టెకి), హౌసింగ్ నుంచి రెండు వెనక చక్రాలకి. మామూలు కార్లలో ఇంజనూ, డ్రైవూ ముందరే, బానెట్ కిందే అయిపోతాయి. ఇక్కడ తిరిగే సామానంతా మీ కాళ్ల కింద, మీ పిల్లలు కూర్చునే సీటు కింద ఉంది. అందుకే కొంత శబ్దం, కొంత వేడి ఈ బండి పుట్టుకలోనే ఉన్నాయి, వాటిని ఎవరూ తీసేయలేరు. కానీ 65 దగ్గర మొదలయ్యే జివ్వుమనే వణుకు పుట్టుకతో వచ్చింది కాదు.

మా మేస్త్రి నాకు మొదట నేర్పింది ఒకటే: శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వెతకడం తర్వాత, అది దేని వెంట పోతోందో ముందు చూడు అనేవాడు. ఇంజన్ స్పీడు వెంట పోతోందా, బండి స్పీడు వెంటా, యాక్సిలరేటర్ మీద బరువు వెంటా, స్టీరింగ్ తిప్పడం వెంటా? ఈ నాలుగింట్లో ఏదో తేలితే సగం బండి పక్కన పెట్టేయొచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆదివారం తెల్లవారాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లండి. నాలుగో గేర్‌లో 70కి తీసుకురండి. వణుకు వచ్చాక అదే 70లో ఐదో గేర్ వేయండి. ఇంజన్ స్పీడు తగ్గింది, బండి స్పీడు తగ్గలేదు. వణుకు ఏమాత్రం మారకపోతే ఇంజన్‌కి దీనితో సంబంధం లేదని తేలినట్టే. తర్వాత 70లోనే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట అది దొర్లనివ్వండి. ఇంజన్ మాత్రం ఆపకండి, తాళం ముట్టుకోవద్దు, బ్రేక్ బూస్టర్ పనిచేయాలంటే ఇంజన్ తిరుగుతూ ఉండాలి. న్యూట్రల్‌లో కూడా వణుకు అలాగే ఉంటే అది టైరు, బేరింగ్, షాఫ్ట్, వీటిలోదే, ఎందుకంటే న్యూట్రల్‌లో కూడా షాఫ్ట్ వెనక చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. చివరగా ఇంటికొచ్చి, బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో 2500, 3000 వరకు రేస్ ఇచ్చి చూడండి. నిలబడి ఉన్నప్పుడు కూడా అదే వణుకు వస్తేనే ఇంజన్ వైపు, ఫౌండేషన్ల (ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మల) వైపు, సైలెన్సర్ వైపు చూడాలి.

ఇందులో ఒక లెక్క ఉంది, చెబుతాను. మీ టైరు 70 స్పీడులో సెకనుకు దాదాపు 11 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ దానికి నాలుగైదు రెట్లు, అంటే 45 నుంచి 55 చుట్లు. టైరులో దోషం ఉంటే ఆ పదకొండు కుదుపులు మనిషి విడివిడిగా పసిగట్టగలడు, స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది, వెనక టైరైతే నడుము కింద ఊగుతుంది. షాఫ్ట్ దోషమైతే ఆ యాభై కుదుపులు కలిసిపోయి జివ్వుమని, సెల్‌ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు పాదాలకు తెలుస్తుంది. మీరు రాసిన మాట 'జివ్వుమని'. స్టీరింగ్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అందుకే రెండు సార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు, రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట పడింది.

ఇప్పుడు క్లచ్ సంగతి. ఈ బండిలో క్లచ్ ప్లేట్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, గేర్‌బాక్స్ దించాలంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. షాఫ్ట్ వెనక చివర హౌసింగ్ ఫ్లాంజ్‌కి (బోల్టులు పట్టే గుండ్రటి బిళ్లకి) బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పేముందు షాఫ్ట్ మీద, ఫ్లాంజ్ మీద ఒకే గీతలో సుద్దతోనో పంచ్‌తోనో గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ గుర్తులు కలవాలి. పని తొందరలో చాలామంది పెట్టరు. గుర్తు లేకుండా సగం చుట్టు తేడాతో బిగిస్తే, ఇన్నేళ్లు ఒకదాని తేడాని ఒకటి సర్దుకుంటూ తిరిగిన షాఫ్టూ, ఫ్లాంజూ ఇప్పుడు తేడాలు కలుపుకుని తిరుగుతాయి. అందుకే నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే నేను చేసే మొదటి పని, ఆ బోల్టులు విప్పి షాఫ్ట్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించి ఒక రౌండు కొట్టి రావడం. అరగంట పని. కొన్ని బండ్లు ఆ ఒక్కదానితోనే నిమ్మళిస్తాయి.

కానీ మీకు కదిలేటప్పుడు 'టక్' కూడా ఉంది. అది క్రాస్ అని నా అనుమానం. షాఫ్ట్‌కి ముందొకటి, వెనకొకటి క్రాస్ జాయింట్లు ఉంటాయి. ప్లస్ గుర్తు ఆకారంలో ఇనప ముక్క, దాని నాలుగు కొసలకు నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లాంటి సన్నని రోలర్లు, మధ్యలో గ్రీజు. నీళ్లలో తిరిగినా, గ్రీజు ఎండిపోయినా ఆ సూదులు తుప్పు పట్టి పొడి అయిపోతాయి. బండి కిందకి టార్చ్ వేసి ఆ కప్పుల అంచులు చూడండి: ఎర్ర మట్టి రంగులో, పసుపు కుంకుమ కలిపినట్టు సన్నని పొడి అంటుకుని ఉంటే అది రోడ్డు మట్టి కాదు, లోపలి సూదులు అరిగి బయటికి వచ్చిన పొడి. పోయిన నెల ఒక బండికి క్రాస్ ఊడదీస్తే ఒక కప్పులో ఒక్క సూది కూడా మిగల్లేదు, కప్పు బోర్లిస్తే ముక్కుపొడిలా రాలింది. ఆ బండి ఓనర్ కూడా ఆరు నెలలు టైర్ల షాపుల చుట్టూ తిరిగాడు.

చేత్తో చూసే పద్ధతి: సమమైన నేల మీద, ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, వెనక భాగాన్ని ఎత్తి స్టాండ్‌ల మీద నిలబెట్టాలి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందకి ఎవరూ దూరకండి, ఎంత చిన్న పనైనా సరే, ఈ విషయంలో నేను చూడకూడనివి చూశాను. హ్యాండ్ బ్రేక్ దించి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో ఫ్లాంజ్ పట్టుకుని ఇంకో చేత్తో షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పండి. రెండు చేతుల మధ్య ఏమాత్రం లూజు ఉన్నా క్రాస్ పోయినట్టే. క్రాస్ బాగున్నప్పుడు రెండూ ఒకే ముక్కలా కదులుతాయి. షాఫ్ట్ గొట్టం మీద కూడా ఒకసారి చెయ్యి వేసి చూడండి. బ్యాలెన్స్ కోసం కంపెనీ అతికించిన చిన్న రేకు ముక్క ఊడిందా? వానకాలంలో ఎవరైనా అండర్ కోటింగ్ కొట్టినప్పుడు ఆ నల్ల రబ్బరు షాఫ్ట్ మీద కూడా పడి ఒకవైపు గడ్డ కట్టిందా? అది కూడా వణికిస్తుంది, గోకేస్తే పోతుంది.

క్రాస్‌లో లూజు తేలితే మార్చేదాకా ఆ బండిని హైవే ఎక్కించకండి. పూర్తిగా అరిగిన క్రాస్ స్పీడులో విరిగితే షాఫ్ట్ కిందపడి రోడ్డుకి తగులుతుంది, దాని పైన మీ పిల్లల సీటు ఉంది. ఊళ్లో 30, 40లో మెకానిక్ దాకా నడిపించుకుపోవచ్చు, అంతే. రెండు క్రాస్‌లూ ఒకేసారి మార్పించండి. సామానూ కూలీ కలిపినా మీకు చెప్పిన ఇంజన్ బిల్లులో పదో వంతు దాటదు.

క్లచ్ పనికి సంబంధించినదే ఇంకొకటి. షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్స్ వెనక భాగంలోకి దూరి ఉంటుంది. దాన్ని లాగినప్పుడు గేర్ ఆయిల్ కారుతుంది. కారినంత మళ్లీ పోశారా? చాలాసార్లు పొయ్యరు. గేర్‌బాక్స్ పక్కన ఉండే లెవల్ బోల్ట్ విప్పితే ఆయిల్ అంచు దాకా ఉండాలి, వేలు పెడితే తగలాలి. ఇది ఇవాళే చూపించండి. తక్కువ ఆయిల్‌తో నాలుగు నెలలు తిరిగితే బేరింగ్‌లు మొదలుకొని పళ్లదాకా పోతాయి, అప్పుడు నిజంగానే పెద్ద బిల్లు.

హోరు గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇదీ, వణుకూ ఒకటే కావాలని లేదు. హోరు మూడింట్లో ఒకదానిది అయ్యుంటుంది: టైరు, వీల్ బేరింగ్, లేదా హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిప్పుడుని చక్రాలకి మళ్లించే పళ్ల చక్రాల జత). టైరు హోరు రోడ్డుని బట్టి మారుతుంది. సిమెంట్ రోడ్డు మీద ఒకలా, కొత్త తారు మీద ఒకలా, ఒక్కోసారి నున్నటి తారు మీద దాదాపు మాయమవుతుంది. బేరింగ్‌కి రోడ్డుతో పని లేదు, ఎక్కడైనా అదే హోరు, కాకపోతే పొడవాటి మలుపులో బండి బరువు ఒకవైపు ఒరిగినప్పుడు పెరుగుతుంది, రెండో వైపు తిరిగితే తగ్గుతుంది. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ వైపు బేరింగ్‌ని అనుమానించాలి. క్రౌన్ పినియన్ అయితే కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు ఒక స్వరం, కాలు తీయగానే ఇంకో స్వరం, సన్నగా ఏడుస్తున్నట్టు ఉంటుంది.

బేరింగ్ తేల్చుకోవడానికి మా మేస్త్రి నేర్పిన పద్ధతి నేను ఇప్పటికీ వాడతాను. ముందు చక్రం ఎత్తి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేతి వేళ్ల కొసలు సస్పెన్షన్ స్ప్రింగ్ మీద తేలిగ్గా ఆనించాలి. బాగున్న బేరింగ్‌కి స్ప్రింగ్‌లో ఏమీ తెలియదు. పోయిన బేరింగ్‌కి వేళ్ల కింద ఇసుక నలిగినట్టు గరగర తెలుస్తుంది, చెవికి ఏమీ వినపడకపోయినా సరే. వెనక చక్రానికైతే హౌసింగ్ గొట్టం మీద, చక్రానికి దగ్గరగా చెయ్యి ఆనించాలి.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే నేను పనిలో చేరిన నాలుగో ఏడు ఒక పెద్దాయన వ్యాన్ హోరు పెడుతోందని తెస్తే, చెవితో విని క్రౌన్ పినియన్ అని నిశ్చయించి హౌసింగ్ మొత్తం విప్పేశాను. రెండు రోజుల పని. మళ్లీ బిగించాక హోరు అలాగే ఉంది. మా మేస్త్రి వచ్చి వెనక టైరు మీద అరచేత్తో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి రాసి చూపించాడు. ఒకవైపు రాస్తే నున్నగా ఉంది, రెండోవైపు రంపం పళ్లలా గీరుకుంది. టైరు మెట్లు మెట్లుగా అరిగింది, అదే హోరు. కూలీ డబ్బులు ఆయనకి తిరిగిచ్చేశాను కానీ ఆయన రెండు రోజుల బేరం పోయింది, అది తిరిగివ్వలేకపోయాను. అప్పటినుంచి చేత్తో చూడనిది విప్పను.

మీ విషయంలో టైర్లు కొత్తవి, పైగా లోడు బండ్లకు వేసే రకం గట్టివి. హోరులో కొంత భాగం వాటిదే కావచ్చు. అసలు ఆ టైర్ల గురించే ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే మీ మైలేజీ లెక్క అక్కడే తప్పింది.

155/65 సైజు 13 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.67 మీటర్లు వెళ్తుంది. 155/80 అయితే 1.82 మీటర్లు. అంటే ఒక్కో చుట్టుకి దాదాపు 8.7 శాతం ఎక్కువ. కానీ మీ మీటర్‌కి టైరు మారిన సంగతి తెలియదు, అది చుట్లు లెక్కపెట్టి పాత టైరు కొలతతోనే కిలోమీటర్లు చూపిస్తుంది. మీ మీటర్‌లో 100 కిలోమీటర్లు పడితే మీరు నిజానికి దాదాపు 109 వెళ్లారు. మీరు 11 అనుకుంటున్న మైలేజీ అసలు 12. నాలుగు కిలోమీటర్ల నష్టంలో ఒకటి అసలు జరగనే లేదు. ఇంకోటి, ఇది మైలేజీ కంటే ముఖ్యం: మీటర్ 80 చూపిస్తుంటే మీరు పాత టైర్లతో 87 చూపించాల్సిన వేగంలో ఉన్నారు. పెద్దవాళ్లనీ, పిల్లల్నీ ఎక్కించుకుని వెళ్తూ స్పీడు తక్కువే కదా అనుకుంటున్నారు. వీలైతే ఆ టైర్లు మార్చుకుని మాన్యువల్‌లో, స్టిక్కర్ మీద మీ మోడల్‌కి రాసిన సైజుకే రండి. గాలి కూడా ఆ స్టిక్కర్ ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు.

మిగిలిన నష్టానికి హ్యాండ్ బ్రేక్. 'టైట్ చేయించాను' అన్నారు. వెనక డ్రమ్ముల్లో లైనర్లు (డ్రమ్‌ని లోపలినుంచి ఒత్తి ఆపే పట్టీలు) అరిగినప్పుడు అసలు చేయాల్సింది డ్రమ్ విప్పి లైనర్లు చూసి అడ్జస్ట్ చేయడం. సులువుగా అయిపోతుందని కేబుల్ నట్ మాత్రం బిగిస్తారు, అప్పుడు లీవర్ రెండు పళ్లకే పట్టేస్తుంది, కస్టమర్‌కి బ్రేక్ బాగా పడినట్టు అనిపిస్తుంది, లోపల లైనర్లు డ్రమ్‌ని రాసుకుంటూనే ఉంటాయి. మీరు బ్రేక్ తొక్కకపోయినా బండి రోజంతా సగం బ్రేక్ మీద నడుస్తోంది. పరీక్ష తేలిక: ఇరవై కిలోమీటర్లు హైవే మీద బ్రేకులు పెద్దగా వాడకుండా వెళ్లి, నెమ్మదిగా ఆగి, నాలుగు చక్రాల మధ్యలో అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఆనించొద్దు, కాలుతుంది. వెనక రెండిట్లో ఒకటి సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే. ఇంకో పరీక్ష, బల్లపరుపు నేల మీద న్యూట్రల్‌లో పెట్టి ఒక్క మనిషి తోస్తే ఈకో కదలాలి, బండి టన్నుకి అటూ ఇటూ ఉంటుంది అంతే. ఇద్దరు తోసినా మొండికేస్తే ఏదో పట్టుకుని ఉంది. కేబుల్ వదులు చేశాక కూడా చక్రం పట్టే ఉంటే వీల్ సిలిండర్ జామ్ అయిందేమో చూడమనండి.

ఇంకో మాట అడగాలి. మీకు బండి అమ్మినవాళ్లు గానీ, మధ్యలో ఏ మెకానిక్ గానీ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేశారా? 'మన ఎండలకి ఇది ఎందుకు, వేడెక్కుతుంది, తీసేస్తే నయం' అని పీకి అవతల పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది విన్నప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటాయి, ఇంజన్ సరైన వేడికి రాదు. బండిలోని కంప్యూటర్‌కి ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సమాచారం పోతుంది, అది పెట్రోల్ ఎక్కువ వదులుతుంది. మైలేజీ పోతుంది, ఇంజనూ తొందరగా అరుగుతుంది. స్కానర్ తగిలిస్తే తెలిసిపోతుంది: పది పదిహేను నిమిషాలు నడిపాక కూలెంట్ వేడి 80 నుంచి 90 పరిసరాల్లో నిలబడాలి. హైవే మీద 60, 65కి జారిపోతుంటే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. అదే స్కానర్‌లో ఆక్సిజన్ సెన్సర్, మిస్ ఫైర్ లెక్కలు కూడా చూడమనండి.

మీ బావమరిది కొత్త ఈకో 18 ఇస్తోందన్నారు. పోల్చుకోకండి. 2022 చివర్లో ఈకోకి ఇంజనే మార్చారు, కొత్తదానికి కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 19.71. మీ 2018 బండికి కంపెనీ లెక్కే 15 పైచిలుకు, అదీ ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ లేకుండా. కాబట్టి మీకు ఒకప్పుడు 15 వచ్చిందంటే ఆ బండి చాలా బాగున్నట్టు, ఇకమీదట హైవే మీద 13న్నర, 14 వస్తే సంతోషించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్ కదా, ఎథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే. మీ బండి ఆ ఇంధనం కోసం తయారైంది కాదు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే ఇలాంటి పాత కార్లకు 6, 7 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా ఉంది. అది మీ చేతిలో గానీ, మెకానిక్ చేతిలో గానీ లేదు.

మైలేజీ కొలవడం కూడా సరిగ్గా చేయండి. 'వెయ్యి రూపాయలు కొట్టిస్తే ఇంత వచ్చింది', 'ముల్లు సగానికి వచ్చేదాకా ఇంత తిరిగింది', ఇవి లెక్కలు కావు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి దానంతట అది కట్ అయ్యేదాకా కొట్టించి ట్రిప్ సున్నా చేయండి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగి మళ్లీ అక్కడే, అలాగే కొట్టించండి. ఉదాహరణకి 342 తిరిగాక 27.4 లీటర్లు పడితే 12.5. ఇప్పుడున్న టైర్లతో అయితే దాన్ని 1.087తో గుణించండి, 13.6 వస్తుంది. రెండు మూడు సార్లు చేస్తే గానీ నమ్మొద్దు.

సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే అదరడం వేరే కథ, కానీ చిన్న కథే. ముందు సీటు ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, డ్రైవింగ్ సీట్లో బాగా తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కి ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెమే వదలమనండి, తర్వాత రివర్స్‌లో. బండి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు, మీరు పక్క డోర్ దగ్గరనుంచి చూడండి. ఇంజన్ ఒక వేలు మందం కంటే ఎక్కువ ఎగిరిపడితే ఫౌండేషన్ రబ్బర్లు చీలిపోయినట్టు. అవి మారిస్తే అదురుతో పాటు ఆ 'టక్' లో కూడా కొంత తగ్గొచ్చు. ఫౌండేషన్లు బాగుండీ అదురుతుంటే అదురు లయ వినండి. ఇంజన్ 800లో తిరిగేటప్పుడు నాలుగు సిలిండర్లూ కలిసి సెకనుకు 26, 27 సార్లు పేలతాయి, అది సన్నని అదురు. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే సెకనుకు ఆరేడు కుదుపులు, కుంటుతున్నట్టు 'గుడు గుడు గుడు' అని తెలుస్తుంది. అప్పుడు ప్లగ్ గ్యాప్, కాయిల్ చూడాలి. థ్రాటిల్ బాడీకి మసి పట్టినా ఏసీ వేయగానే ఐడిలింగ్ పడిపోతుంది, క్లీనింగ్‌తో పోతుంది. క్లచ్ పనిలో సైలెన్సర్ పైపు కూడా కదిలించి ఉంటారు, అది ఎక్కడైనా బాడీకి తగులుతోందా, వేలాడదీసే రబ్బర్లు అన్నీ ఉన్నాయా చూడండి. పైపు జాయింట్ దగ్గర నల్లగా మసి కొట్టుకుంటే లీకు ఉన్నట్టు. ఈ బండిలో ఆ పైపు మీ కిందనుంచే పోతుంది, అద్దాలు మూసుకుని ఏసీలో కూర్చున్నప్పుడు ఆ పొగ లోపలికి వస్తే తల తిరుగుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. దీన్ని శబ్దం సమస్యగా చూడకండి, కనపడిన రోజే బాగు చేయించండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఇంజన్ మీద అనుమానం మిగిలితే, విప్పకముందు కంప్రెషన్ టెస్ట్ అడగండి. ప్లగ్గులు తీసి గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ చూడటం గంట పని. నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. నాలుగూ దగ్గర దగ్గరగా, కంపెనీ చెప్పిన కొలతలో ఉంటే బోర్ బాగున్నట్టు. ఒకటి మాత్రం బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్‌తో పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఈ టెస్ట్ చేయనంటూ 'నాకు సౌండ్ వింటే తెలుస్తుంది' అనే మనిషి చేతికి 45 వేలు ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

సోమవారం షెడ్డుకి వెళ్తే ఇంజన్ మాట ఎత్తకుండా నాలుగు పనులు అడగండి: షాఫ్ట్, క్రాస్‌లు చూడమని, గేర్ ఆయిల్ లెవల్ చూపించమని, హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులు చేసి డ్రమ్ములు విప్పమని, ఫౌండేషన్లు చూపించమని. ఒక్కోటి మార్చాక బండి నడిపి చూసి రెండోదానికి వెళ్లండి, అన్నీ ఒకేసారి మారిస్తే దేనితో తగ్గిందో తెలియదు. పాత క్రాస్ మార్చితే ఆ కప్పులు మీ చేతికి ఇవ్వమని, మీ కళ్లముందే బోర్లించమని అడగండి. ఆదివారం రోడ్డు మీద నాలుగో గేర్‌లో, ఐదో గేర్‌లో, న్యూట్రల్‌లో ఏం తెలిసిందో, ఏ చక్రం దగ్గర సెగ ఎక్కువగా ఉందో రాయండి, అది చూసి మిగతాది చెబుతాను.